సాయంకాలపు బడి



కృష్ణా తుంగభద్రలు సంగమించుటకు ముందు తమ నడుమ విడిచిన భూభాగమును ఆ ప్రాంతమువారు నడిగడ్డ యందురు. గద్వాల, అలంపురము ఆ నేలలోనివే. సంస్థానముల కాలమున గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యను ప్రశస్తి యుండెను. ప్రభువులు దూరప్రాంతముల కవిపండితులను రప్పించి, వారి శాస్త్రచర్చల నాలకించి, సత్కరించి పంపుచుండెడివారు. తెలంగాణమున కవులే లేరను మాటకు సమాధానముగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ నడిగడ్డ బిడ్డయే. అట్టి నేలపై 2011 జనాభా లెక్కల నాటికి చదువ వ్రాయ నేర్చినవారు నూటికి సుమారు 50 మంది మాత్రమే. పండితునకు శాలువ కప్పిన ఆస్థానమునకు ధాన్యము కొలిచి పోసిన పల్లెలలో పలక పట్టిన వంశములు మిక్కిలి తక్కువ. నేడు ఆ పల్లెల బాలబాలికలలో పెక్కుమంది తమ యింట మొట్టమొదట బడిమెట్టు ఎక్కినవారు. వారి కొరకు ఒక పల్లెయందు సాయంకాలము నడచు విద్యాకేంద్రమునకు పోయి, జీతము లేక చదువు చెప్పు నలుగురైదుగురిలో నేనొకడను. ఆ పని యెట్టిదో, అందలి అసలు చిక్కు ఎక్కడ నున్నదో మీతో ముచ్చటింపవలెనని వచ్చితిని.

కేంద్రమనగానే భవనము నూహింపకుడు. ప్రాథమిక పాఠశాల వరండా, ఒక ట్యూబులైటు, రెండు జంపఖానాలు, పలకలును కథల పుస్తకములును పెట్టుకొను ఒక రేకుపెట్టె, ఇంతియే మా సంపద. కరెంటు పోయిన దినమున ఒకరి సెల్‌ఫోను దీపము. వేళ సాయంకాలము అయిదున్నర మొదలు ఏడున్నర వరకు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువు చలువవలన పగటి బడిలో మధ్యాహ్నము వేడియన్నము దొరకుచున్నది గాని, పన్నెండున్నరకు తిన్న పిల్లకు అయిదున్నరకు మరల ఆకలి కాకుండునా? అందుచేత మొదట ఉడికించిన పల్లికాయయో, శనగ గుగ్గిళ్లో దోసెడేసి పెట్టి, ఆ తరువాతనే పలక తీయింతుము. వచ్చువారిలో కొందరి తల్లిదండ్రులు దసరా వెళ్లగనే గుంపుమేస్త్రీ వెంట బొంబాయికో, పూనాకో వలసపోయి, తొలకరికి గాని తిరిగిరారు. పిల్లలు అవ్వతో నుందురు. ఆ అవ్వ వారికి తల్లి, తండ్రి, యజమాని, సర్వస్వమును.

జనులు సాధారణముగా నన్నడుగు ప్రశ్న, “పిల్లలకు చదువు అబ్బుచున్నదా?” యని. అబ్బక యేమి? పిల్లవాడు ఎదుట కూర్చున్నచో చదువు చెప్పుట అంత దుర్ఘటమైన కార్యము కాదు. పిల్లవాడు ఎదుట కూర్చుండుటయే దుర్ఘటము. ఆ రెండుగంటల కాలము ఎవరిది? బడిదా, యింటిదా, చేనుదా? స్వచ్ఛందముగా చదువు చెప్పవచ్చిన వానికి నెత్తిపై బడు మొదటి ప్రశ్న యిది. కడపటి ప్రశ్నయు నిదియే.

ఈ చిక్కు తెలియవలెనన్న మా చేల పని కొంత తెలియవలెను. 1970లో సూరతు పరిశోధనా క్షేత్రమున సి.టి. పటేలుగారు రూపొందించిన ‘హైబ్రిడ్-4’ ప్రపంచమున సాగులోనికి వచ్చిన మొట్టమొదటి సంకర పత్తి. అట్టి సంకర పత్తి విత్తనమునే మా చేలలో పండింతురు. సంకర విత్తనము దానంతట పండునది కాదు. ఒక వంగడపు మొక్కపై మరియొక వంగడపు పుప్పొడిని మనిషి చేతితో అంటింపవలెను. ఆడమొక్కల వరుసలలో, మరునాడు విచ్చుకొనబోవు మొగ్గను ముందునాటి మాపటివేళకే గుర్తుపట్టి, బొటనవేలి గోటితో దాని రేకులను, కేసరముల తొడుగును చుట్టు గిల్లి, నడిమి కీలము చెదరకుండ లాగివేసి, గుర్తుకై ఎర్రకాగితపు తునక తగిలించి ముందుకు సాగవలెను. మరునాటి ఉదయము మగమొక్కలనుండి అప్పుడే విచ్చిన పూలు కోసికొనివచ్చి, ఎర్రకాగితమున్న ప్రతి మొగ్గయొద్దను వంగి, పుప్పొడిని కీలాగ్రమునకు రాయవలెను. ఒక్క మాపు తప్పినచో మొగ్గ తన పుప్పొడితో తానే ఫలించి విత్తనము కల్తీ యగును. మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలలో వారాల తరబడి ఒక్కపూటయు విరామము లేక సాగు ఈ పనిని చేలలో ‘క్రాసింగు’ అందురు. విత్తనమునకై పండించు ఈ ‘సీడుపత్తి’ వేసిన రైతునకు కూలి ఖర్చు చాలవరకు ఇక్కడనే.

ఆ క్రాసింగునకు బాలికలను, అందులోను పది పన్నెండేండ్లవారిని, పిలుచుట చాలకాలముగా నున్న వాడుక. ఏల యని అడిగినచో, పిల్లల వేళ్లు సన్ననివి, మొగ్గ చెదరదు, వారి యెత్తు మొక్క యెత్తునకు సరిపోవునని చెప్పుదురు. నేనీ మాటను విన్నప్పుడెల్ల గద్వాల చీర నేయు పెద్దవారి వేళ్లను తలచుకొందును. నూలు చీర కడుపునకు పట్టు అంచును పోగుపోగుగా మెలివేసి కలుపు ఆ వేళ్లు నలుబదియేండ్లవి, ఏబదియేండ్లవి. అవి ఏ మొగ్గను చెదరగొట్టగలవు? వేలి సన్నదనము సాకు. పిల్లకిచ్చు కూలి సన్నము. పిల్ల యెదురు మాటాడదు. పొలము యింటిదే యైనచో ఆ కూలియు మిగులును. విత్తనమునకు కంపెనీ యిచ్చు ధరలో పెద్దవారి కూలి యిమిడియున్నచో ఈ వేళ్ల శాస్త్రము పుట్టియుండెడిది కాదని నా నమ్మకము.

చట్టము లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది. పదేండ్లలో పదునాలుగేండ్లలోపు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్య కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగపు 45వ అధికరణము చెప్పెను. ఆ పదేండ్లు యేబదియేండ్లయిన పిదప, 2002లో 86వ సవరణ విద్యను ప్రాథమిక హక్కుగా జేసెను. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేది నుండి అమలునకు వచ్చెను. బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనిలోను పెట్టరాదనిరి. సంతోషము. అయితే అందులోనే ఒక వెసులుబాటును గూడ వ్రాసిరి: ప్రమాదకరము కాని పనులలో, బడివేళ ముగిసిన తరువాతను, సెలవులలోను, పిల్లలు తమ కుటుంబమునకు సాయపడవచ్చును. చదువుటకు ఎంత మృదువుగా నున్నది! తల్లికి బిడ్డ సాయపడరాదని ఎవరు అనగలరు? కాని బడివేళ ముగియుట ఎప్పుడు? నాలుగు దాటిన తరువాత. మొగ్గ గిల్లు వేళ యేది? అదియే. ఢిల్లీలో కూర్చుండి వ్రాసిన ఆ వాక్యము, వ్రాసినవారికి తెలిసియో తెలియకయో, మా పిల్లల సాయంకాలమును సరిగా పత్తిచేనికి విడిచినది.

ఒక మాపటివేళ రెండుదినములుగా రాని ఒక అయిదవ తరగతి పిల్ల యింటికి పోతిని. గుమ్మములో కూర్చుండి కందులు చెరుగుచున్న అవ్వ నన్ను కూర్చుండుమనియే తన వాదమును వినిపించెను. “పొద్దుగాల బడికి తోలుతున్న గద సారూ. మాపటిపూట గూడ నీకే ఇయ్యమంటే ఎట్ల? ఇయ్యాల మొగ్గ గిల్లకుంటే రేపటికి పూవయితది. పూవయినంక ఎవరికి పనికొస్తది?” అనెను. చట్టములోని ఆ వాక్యమునే అక్షరజ్ఞానము లేని ఆమె ఎంతో స్పష్టముగా నా ముందుంచినది. ఆమె దుర్మార్గురాలు కాదు. ఎకరము పొలము, విత్తన కంపెనీ తరఫు ఆర్గనైజరు యిచ్చిన అడ్వాన్సు, బొంబాయిలో కొడుకు కోడలు, ఇంటిలో మూడు నోళ్లు. ఆ యింట చదువును గూర్చి ఉపన్యాసము చెప్పుట సులభము కాదు. చెప్పినను అది ప్రయోజనము లేనిది. నేనడిగినది ఒక్కటియే: వారములో ఏ దినములు పంపగలరు? “గురువారం, ఆదివారం తప్పిస్తే చూస్తలే” యని ఆమె బేరమునకు దిగెను. మా కేంద్రములో చదువులు పెక్కు ఇట్టి బేరములమీదనే నడచుచున్నవి.

ఇచ్చట నొక పెద్ద ఆక్షేపణను దాచిపెట్టరాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన శాంతా సిన్హాగారు, తమ తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట 1981లో వెలసిన సంస్థ ద్వారా 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో బాలకార్మికులను బడికి మరల్చు ఉద్యమము నడపిరి; 2003లో వారికి మెగసెసే పురస్కారము లభించెను. బడికి రాని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యనుట వారి సిద్ధాంతము. రాత్రిబడి, సాయంకాలపు బడి వంటి ఏర్పాట్లను వారు అంగీకరింపలేదు. పగలెల్ల పనిచేసి రాత్రి రెండక్షరములు దిద్దుకొనుమనుట పిల్లవాని వెట్టికి మనము వేయు రాజముద్ర యని వారి వాదము. పనినుండి తప్పించి శిబిరములో నుంచి, కొన్ని నెలలలో వెనుకబడిన చదువును అందుకొనజేసి, వయసునకు తగిన తరగతిలో పగటి బడిలోనే కూర్చుండబెట్టవలె నన్నది వారి మార్గము. దీనికి ప్రతిగా రాజస్థానమున అజ్మీరు జిల్లా తిలోనియాలో 1975 నుండి, పగటివేళ పశువులు కాచు పిల్లలకు రాత్రిబడులు నడచినవి. సౌరదీపముల వెలుగులో చదివి, తమకు తామే ‘బాలసంసద్’ నెన్నుకొని, బడి లోటుపాట్లను పిల్లలే విచారించెడి ఆ యేర్పాటును మెచ్చనివారు లేరు.

ఈ రెండింటిలో నేను శాంతా సిన్హాగారి పక్షమువాడను, సాయంకాలపు బడిలో పనిచేయుచునే. ఇందులో వైరుధ్యమున్నదని మిత్రులు నవ్వుదురు. లేదని నా మనవి. మా కేంద్రమునకు ప్రవేశము పగటిబడి హాజరుపట్టీ ద్వారముననే. పగలు బడికి పోని పిల్ల సాయంకాలము వచ్చినచో ఆనాడు పలక యిత్తుము, గుగ్గిళ్లు పెట్టుదుము. మరునాటి ఉదయము మాలో నొకరు ఆమె యింటికి పోయి, చేయి పట్టుకొని హెడ్‌మాస్టరుగారి యెదుట నిలుపుదురు. సాయంకాలము పగటికి ప్రత్యామ్నాయము కారాదు. అది చేనికి పోవలసిన మాపటిపూటను చేనికి పోనీయకుండ ఆక్రమించుకొను ఉపాయము. పాఠము చెప్పకపోయినను, కథ చదివి వినిపించినను, ఊరక అష్టాచెమ్మ ఆడించినను ఆ ఆక్రమణ నెరవేరినట్లే.

అట్లని పాఠమును తేలికగా చూడవచ్చునా? అచ్చటి వింతలు అచ్చటివి. నాలుగవ తరగతి బాలుడొకడు తెలుగు వాచకమును కలకల చదివిపోవుచుండగా, నేను మూడవ పంక్తిమీద అరచేయి పెట్టితిని. వాడు నా చేతి క్రింది పంక్తినిగూడ తడబడక చదివెను! పాఠమంతయు చెవితో పట్టిన బట్టీ. కన్ను పుస్తకముమీద నున్నదే గాని అక్షరముమీద లేదు. అదే బాలునికి పాఠములో లేని ‘వడపప్పు’ అను మాట వ్రాసి చూపగా, ‘ప’కు ‘వ’కు నడుమ చిక్కుకొని, ఒత్తుయొద్దకు వచ్చి ఆగిపోయెను. వానికి జ్ఞాపకశక్తి లేదని యెవరనగలరు? ఉన్నది, అపారముగా నున్నది; అదియే వానిని నాలుగేండ్లుగా కాపాడి, వాని లోపమును ఉపాధ్యాయుని కంటబడకుండ కప్పినది.

లెక్కలలో మరియొక తీరు. మూడునాళ్ల కూలి యెంత, అందులో అంగడి బాకీ పోగా యేమి మిగులునో నోటితో రెప్పపాటున చెప్పు బాలికను, ‘నూటయైదు’ వ్రాయుమన్నచో పలకపై 1005 అని వ్రాయును. నవ్వుదుమా? ఆమె విన్నదానిని విన్నట్లే వ్రాసినది: నూరు వ్రాసి, ప్రక్కన అయిదు పెట్టినది. తెలుగు మాట ఆమెకు చెప్పిన క్రమమే అది. స్థానవిలువ యనునది మన పూర్వులు శతాబ్దుల యోచనచే సాధించిన సూక్ష్మము. అది పదిమాటలు వల్లించినంతమాత్రమున పిల్లకు స్ఫురింపదు. అగ్గిపుల్లలు పదేసి కట్టలు గట్టించి, పది కట్టలు కలిపి యొక పెద్దకట్ట చేయించి, ఒక పెద్దకట్టయు అయిదు విడిపుల్లలును ముందు పెట్టి, “చిన్నకట్టల చోట ఏమున్నది?” యని యడుగగా, ఆమె కొంతసేపు ఆ ఖాళీ చోటును చూచి, “ఏం లేదు సారూ” అనెను. “ఆ ఏం లేనిదానికే ఒక గుర్తున్నది, పెట్టు” మంటిని. సున్న నడుమకు వచ్చి కూర్చుండెను. ఆ సాయంకాలము తక్కిన పాఠము సాగలేదు. ఆమె 207, 308, 409 అని పలక నిండ వ్రాసికొనుచు నా మాట వినుటయే మానివేసెను.

పిల్లకు తెలిసినదానినుండి మొదలు పెట్టవలెనను ఈ సూత్రమును మన దేశమున ఆచరించి చూపినవారిలో అగ్రగణ్యులు గిడుగు రామమూర్తిగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలలోని సవరలతో సహవాసము చేసి వారి భాషను నేర్చి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పు బడులను తమ సొంత వ్యయముతో పెట్టించిరి. ఆ కొండల మలేరియాకు పుచ్చుకొన్న క్వినైనువలన వారి వినికిడి చెడినది. ఆయన రచించిన సవర వ్యాకరణమును, నిఘంటువును మదరాసు ప్రభుత్వము 1930లలో ప్రకటించెను. వ్యావహారిక భాషకై జీవితమును ధారవోసిన ఆ మహనీయుని నేను ఈ పాతకాలపు గ్రాంథికములో స్మరించుట చూచి ఆయన ఆత్మ నవ్వుకొనునేమో! కాని పలకయొద్ద నేనీ భాష మాటాడను లెండి. అక్కడ ‘మాపు’, ‘పొద్దుగాల’, ‘తోలుకపో’ యనునవే ప్రథమ పాఠములు. వాచకములోని ‘సాయంత్రము’, ‘ఉదయము’ వాని వెనుక వచ్చును.

ఒకే జంపఖానాపై ఒకటవ తరగతి మొదలు ఏడవ తరగతి వరకు పిల్లలు కూర్చుండుట మా కేంద్రములకు సహజము. దీనికి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థవారు తమ చుట్టుపట్ల పల్లెల బడులలో మంచి తరుణోపాయము కనిపెట్టిరి. పాఠ్యమును చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టునకు బొమ్మ గుర్తుతో అట్టముక్కలు తయారుచేసి, గోడపై నిచ్చెన వంటి పటము వ్రేలాడదీసిరి. ప్రతి పిల్లయు తానున్న మెట్టును తానే చూచుకొని, తన అట్టను తానే తీసికొని సాగును. నాలుగు వారములు వలసపోయి వచ్చిన పిల్లకు ‘పాఠము తప్పినది’ యను భయము లేదు. విడిచిన మెట్టు అక్కడనే యుండును. కర్ణాటక బడులలోని ‘నలి-కలి’ పద్ధతికిని, తమిళనాడు బడులలో వచ్చిన మార్పునకును ఇదియే మూలము. మేమును క్యాలెండరు అట్టలపై మా చేతనైనంత అనుకరించితిమి. మా అట్టలమీది ఆవు కొంచెము గాడిదవలె నుండునని పిల్లల అభిప్రాయము.

ఇక సేవకులను గూర్చి. ఆగస్టు 15కు, జనవరి 26కు పట్టణమునుండి కార్లలో వచ్చి, నోటుబుక్కులు పంచి, ఫొటోలు దిగి పోవువారియందు నాకు ద్వేషము లేదు, నోటుబుక్కు అవసరమే. కాని వారు పోవుచు “మరల వచ్చెదము” అని పిల్లలతో అనకుండుట మంచిది. ఆ మాటను పట్టణమువారు మర్యాదకై అందురు; పిల్లలు నిజమని యెంచి, తరువాతి ఆదివారము గేటువద్ద నిలుతురు. మా కేంద్రమును నిజముగా నిలుపుచున్నవారు నాబోటి బయటివారు గూడ కారు. ఇంటరు ముగించి, డిగ్రీకి ప్రయివేటుగా కట్టి, ఊరిలోనే యున్న యిద్దరు ఆడపిల్లలు. ఏ పిల్ల యెందుకు రాలేదో వారికి నీళ్లకుళాయివద్దనే తెలియును. ఏ యింట అడ్వాన్సు పుచ్చుకొనిరో, ఏ తల్లి బొంబాయినుండి డబ్బు పంపలేదో, ఎవరికి పెండ్లిమాటలు నడచుచున్నవో వారెరుగుదురు. నేను చెప్పిన అవ్వకును రెండవమారు నచ్చజెప్పినది వారిలో నొక్కతెయే. నేను రాబట్టిన దినములు వారమునకు అయిదు, ఆమె రాబట్టినవి ఆరు. మీలో నెవరైన ఇట్టి పనికి పూనుకొందురేని, మొదట ఆ ఊరిలో అట్టి అమ్మాయి నొకతెను వెదకుడు; ఆమె పరీక్ష ఫీజునకు సాయపడుడు; ఆమె చెప్పిన దినములలో, చెప్పిన వేళకు పోవుడు. వారమునకు ఒక్క దినమైనను సరే, అది తప్పనిది కావలెను.

వేళ యని యంటిని గనుక కార్తెను గూడ చెప్పి విరమించెదను. జూను నెల నడుమ బడులు తెరచుట, మృగశిరలో విత్తనము పడుట, సీడుపత్తికి ఒప్పందములు కుదిరి అడ్వాన్సులు చేతులు మారుట, ఇవన్నియు ఆ కొద్దివారములలోనే జరుగును. ఏ పిల్ల మాపటిపూట యెక్కడ గడుపునో నిర్ణయమగునది అప్పుడే గాని, మొగ్గలు తొడిగినప్పుడు కాదు. కావున యిల్లిల్లు తిరుగదలచినవారు బడి తెరచిన మొదటి వారముననే, హెడ్‌మాస్టరుగారి హాజరుపట్టీనుండి పేర్లు వ్రాసికొని, గత సంవత్సరము ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఏయే పేర్లయెదుట వరుసగా గైరుహాజరు పడినదో చూచుకొని బయలుదేరవలెను. పుబ్బకార్తెలో పోయినవారికి ఆ యింట జవాబు సిద్ధముగా నుండును: అడ్వాన్సు ఎరువుల అంగడికి చేరినది, పిల్ల చేనికి పోయినది.